సిరీస్ రాయడం నేర్చుకుందాం – 7వ పాఠం: తొలి ఎపిసోడ్‌ను రెండోసారి రాయడం

గత పాఠంలో ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన పేజీలన్నీ చదివాను. ఈ పాఠం అంకాల ముగింపుల గురించి ఉండాల్సింది. దాన్ని వచ్చేసారికి వాయిదా వేస్తున్నాను. ఇప్పుడు బయటపడిన సమస్యను సరిచేయకపోతే అంకాలను ఎంత బాగా ముగించినా ఉపయోగం ఉండదు.

తొలి పది పేజీల్లో ముఖ్యపాత్రలు ప్రేక్షకుడికి తెలియాలని చెప్పాను. మీలో ఎక్కువమంది ఆ పాత్రల చేత తమను తాము పరిచయం చేయించారు. కొందరు కథానాయకుడి పుట్టుకతో మొదలుపెట్టారు. కొందరు వెనుక నుంచి వినిపించే గొంతుతో కుటుంబ చరిత్ర అంతా చెప్పించారు. ఎక్కువ పేజీల్లో కనిపించింది మాత్రం ఇలాంటి సంభాషణ:

“అన్నయ్యా, నాన్న పోయి అయిదేళ్ళయింది. అప్పటి నుంచి ఈ రైస్ మిల్లు నువ్వే కదా చూసుకుంటున్నావు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా నా మనసంతా ఇక్కడే ఉంటుంది.”

ఈ వాక్యాన్ని పట్టుకుని పాఠమంతా నడుపుతాను. అంతకుముందు ఒక సిరీస్ గురించి చెప్పాలి. తొలి ఎపిసోడ్ రాయడం నేర్చుకునేవారికి దానికి మించిన పాఠ్యపుస్తకం నాకు తెలియదు.

2002లో అమెరికాలో ఫాక్స్ ఛానెల్ ‘ఫైర్‌ఫ్లై’ అనే సిరీస్‌ను ప్రసారం చేసింది. సృష్టికర్త జాస్ వీడన్. కథ అయిదు వందల ఏళ్ళ తర్వాతి కాలంలో జరుగుతుంది. అలయన్స్ అనే కేంద్ర ప్రభుత్వంపై యుద్ధం చేసి ఓడిపోయిన సార్జెంటు మాల్ రెనాల్డ్స్ ఒక పాత సరుకు రవాణా నౌక కొనుక్కుంటాడు. గ్రహాల మధ్య దొరికిన పనల్లా చేస్తూ బతుకుతాడు. అందులో కొన్ని దొంగతనాలు కూడా. నౌకలో మొత్తం తొమ్మిది మంది. 14 ఎపిసోడ్లు తీశారు. శుక్రవారం రాత్రులు 11 మాత్రమే ప్రసారమయ్యాయి, అవి కూడా రాసిన వరుసలో కాదు. డిసెంబరుకల్లా సిరీస్ ఆగిపోయింది. 2003లో డీవీడీలు వచ్చాక ప్రేక్షకులు పెరిగారు. 2005లో అదే బృందంతో సినిమా కూడా వచ్చింది.

మనకు పనికొచ్చే విషయం వేరే ఉంది. ఈ సిరీస్‌కు తొలి ఎపిసోడ్లు రెండు. వీడన్ ముందు ‘సెరెనిటీ’ పేరుతో రెండు గంటల పైలట్, అంటే సిరీస్‌ను పరిచయం చేసే తొలి ఎపిసోడ్, తీశాడు. అది ఛానెల్ వారికి నచ్చలేదు. నాయకుడు మరీ చీకటి మనిషిలా ఉన్నాడు, హుషారు తక్కువ, యాక్షన్ తక్కువ అన్నారు. ఇంకో తొలి ఎపిసోడ్ కావాలన్నారు. వీడన్, తోటి రచయిత టిమ్ మినియర్ కలిసి ఒక్క వారాంతంలో ‘ద ట్రైన్ జాబ్’ రాసిచ్చారు. 2002 సెప్టెంబరు 20న ప్రసారమైంది అదే. అసలు పైలట్ డిసెంబరు 20న, అన్నిటికంటే చివర వచ్చింది.

అవే పాత్రలు, అదే ప్రపంచం, అదే రచయిత. ప్రారంభాలు రెండు. పక్కపక్కన పెట్టి చూసుకునే ఈ అవకాశం చాలా అరుదు.

‘సెరెనిటీ’ యుద్ధంతో మొదలవుతుంది. మాల్, అతని సహచరి జోయి ఒక లోయలో పోరాడుతుంటారు. సాయంగా రావాల్సిన విమానాలు రావు. మాల్ ముఖంలో నమ్మకం ఆరిపోవడం కళ్ళారా చూస్తాం. తర్వాత ఆరేళ్ళు దాటిపోతాయి. పాడుబడిన ఒక నౌకలోంచి వాళ్ళు సరుకు దొంగిలిస్తుంటారు. కాపలా కాయాల్సిన వాష్, నౌక నడిపేవాడు, బల్ల మీద ప్లాస్టిక్ డైనోసార్ బొమ్మలతో నాటకం ఆడుతుంటాడు, రెండు బొమ్మలకూ గొంతులు తానే ఇస్తూ. అంతలో హెచ్చరిక మోగుతుంది, అలయన్స్ నౌక వస్తోంది. బొమ్మలు వదిలేసి పనిలో పడతాడు. అతనెలాంటివాడో ఎవరూ చెప్పలేదు. అయినా మనకు తెలిసిపోయింది.

వారాంతంలో రాసిన రెండో ప్రారంభంలో యుద్ధ సన్నివేశానికి చోటు లేదు. ఆ యుద్ధం జరిగిందని తెలియకపోతే మాల్ అర్థం కాడు. మీరైతే ఏం చేసేవారు? మీ పేజీలను బట్టి చెబుతున్నాను, జోయి చేత ఇలా అనిపించేవారు: “కెప్టెన్, ఆ యుద్ధంలో మనం ఓడిపోయి ఆరేళ్ళయింది, మీరింకా మర్చిపోలేదు.”

వాళ్ళు చేసింది చూడండి. ఒక చిన్న చంద్రుడి మీద ఒక బారు. మాల్, జోయి, వాళ్ళ నౌకలోని కిరాయి మనిషి జేన్ కూర్చుని ఆట ఆడుకుంటుంటారు. తాగి ఉన్న ఒకడు లేచి, ఇది అలయన్స్ గెలిచిన రోజు అంటూ గ్లాసు పైకెత్తుతాడు. మాల్ లేచి వెళ్ళి వాడితో గొడవ పెట్టుకుంటాడు. గొడవ ముదురుతుంటే జేన్‌ను సాయానికి రమ్మంటారు. తాను ఏ యుద్ధంలోనూ పోరాడలేదని, మీకు మంచి జరగాలని చెప్పి జేన్ మొదట కూర్చున్నచోటే ఉండిపోతాడు. జోయి మాటల సారాంశం ఇది: ఏటా సరిగ్గా ఈ రోజే, సరిగ్గా అలయన్స్ అభిమానులుండే బారులోకే, ప్రశాంతంగా ఒక గ్లాసు తాగుదామని మీరు రావడం విచిత్రమే సర్.

ఈ ఒక్క మాటలో ఎన్ని ఉన్నాయో చూడండి. ఈ రోజు యుద్ధం ముగిసిన రోజు. మాల్ ఓడిన పక్షం. అతనికిది ఏటా ఉన్న అలవాటు. కావాలనే చేస్తాడు, చేయడం లేదని నటిస్తాడు. జోయికి అంతా తెలుసు, అయినా వెంట వస్తుంది. ఆ “సర్” ఒక్కటి చాలు, సైన్యం పోయినా ఆమె దృష్టిలో అతను ఇంకా పై అధికారే. ఇక జేన్ నిరాకరణ వాళ్ళిద్దరికీ యుద్ధంతో ఉన్న సంబంధాన్ని చెబుతుంది, తన సంగతీ చెబుతుంది. డబ్బు లేని కొట్లాటకు అతను లేవడు.

సన్నివేశం చివర బారులోని జనం ముగ్గురినీ కొండ అంచుదాకా తరుముతారు. వెనుక నుంచి నౌక పైకి లేస్తుంది. వెనక్కి తగ్గకపోతే పేల్చేస్తానని వాష్ బెదిరిస్తాడు. జనం పారిపోతారు. లోపలికి వచ్చాక జేన్ ఊరివాళ్ళను తిడతాడు, సరుకు నౌకకు తుపాకులుండవని కూడా తెలియదా అని. నౌకకు ఆయుధాలు లేవన్న ముఖ్యమైన సమాచారం మనకు అందింది ఒక తిట్టులో.

యుద్ధాన్ని తీసేశారు. యుద్ధం ఒక మనిషిలో మిగిల్చిన అలవాటును పెట్టారు. ఈ పాఠంలో మీరు పట్టుకోవాల్సింది ఇదే. మీ పాత్ర గతాన్ని రాయకండి. ఆ గతం వల్ల ఈ రోజు ఆ మనిషి చేసే పనిని రాయండి.

ఇప్పుడు రైస్ మిల్లు దగ్గరికి వద్దాం. అలాంటి వాక్యానికి నేను పెట్టుకున్న పేరు ‘ఇద్దరికీ తెలిసిన మాట’. నాన్న పోయిన సంగతి అన్నకు తెలుసు, మిల్లు తానే చూసుకుంటున్న సంగతీ తెలుసు. చెల్లెలు ఆ మాట అన్నతో అనడం లేదు, ప్రేక్షకుడితో అంటోంది. ప్రేక్షకుడు వెంటనే పసిగడతాడు. ఆ క్షణం నుంచి అతను చూసేది అన్నాచెల్లెళ్ళను కాదు, సమాచారం చేరవేస్తున్న ఇద్దరు నటులను.

ఈ జబ్బుకు చాలా వేషాలున్నాయి. “నీకు గుర్తుందా” అని మొదలయ్యే ప్రశ్న ఒకటి. “అసలేం జరిగిందిరా” అని అడగడానికే పుట్టిన స్నేహితుడు ఇంకొకటి. “ఈ జిల్లాలోనే పేరున్న డాక్టరువి, నువ్వే ఇలా అంటే ఎలా” అనే పొగడ్త మరొకటి. కోపంలో అన్నా అదే: “పదేళ్ళుగా ఈ ఇంటి కోడలిగా చాకిరీ చేస్తున్నాను” అన్న ఆవేశపు మాటలో ఆవేశాన్ని తీసేస్తే మిగిలేది పెళ్ళయిన సంవత్సరం. గొంతు పెంచినంత మాత్రాన సమాచారం సంభాషణ అయిపోదు. ఫోటోకు దండ వేసి, దాని ముందు నిలబడి మాట్లాడించడం కూడా ఇదే. దండ చూశాక మాట ఎందుకు? ఈ విషయంలో నాకు రాజీ లేదు. నిర్మాతకు కథ వినిపించే నేరేషన్‌లో ఆయన అడిగితే నోటితో చెప్పండి. పేజీ మీద పెట్టకండి.

పైగా తెలుగులో రాసేవారికి ఈ తప్పు చేయాల్సిన అవసరమే లేదు. మన పిలుపుల్లోనే బంధుత్వం ఉంది. “వదినా” అని ఒక్కసారి పిలిస్తే చాలు, ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో సగం తెలిసిపోతుంది. నిన్నటిదాకా “నువ్వు” అన్న మనిషి ఈ రోజు “మీరు” అంటే మధ్యలో ఏదో జరిగిందని ప్రేక్షకుడికి అర్థమవుతుంది. ఇంగ్లీషు రచయిత ఒక “సర్”తో సాధించినదాన్ని మన భాష ప్రతి వాక్యంలో ఉచితంగా ఇస్తోంది. వాడుకోండి.

అదే సన్నివేశాన్ని తిరగరాద్దాం. చెల్లెలు చేతిసంచీతో మిల్లు గదిలోకి వస్తుంది. అన్న లెక్కల పుస్తకం మూసేస్తాడు.

“నాన్న కుర్చీ ఇంకా తీయలేదా అన్నయ్యా?”
“కూర్చో.”
“అందులో వద్దు. సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పు. నాలుగింటి బస్సుకు వెళ్ళిపోవాలి.”
“వదిన వంట చేస్తోంది.”
“చెప్పు అన్నయ్యా, ఎక్కడ?”

తండ్రి లేడు. మిల్లు అన్న చేతిలో ఉంది. ఆస్తిలో ఆమె సంతకం అవసరం. ఆమె ఉండేది వేరే ఊళ్ళో. ఇంట్లో భోజనం చేయడం కూడా ఇష్టం లేనంత దూరం పెరిగింది. ఆ పుస్తకం మూయడం దేనికన్న అనుమానం అదనంగా వచ్చింది. అయిదేళ్ళన్న లెక్క మాత్రం పోయింది. పోనివ్వండి. అది కథకు అవసరమైతే ఏదో ఒక ఎపిసోడ్‌లో తనంతట తానే వస్తుంది.

కిటుకు ఏమిటంటే, సన్నివేశంలో ఒకరికి ఏదో కావాలి, రెండోవారు అది ఇవ్వకూడదు. బేరం మొదలవగానే సమాచారం దానంతట అదే బయటికి వస్తుంది. దీనికి ‘ఫైర్‌ఫ్లై’లోనే ‘అవుట్ ఆఫ్ గ్యాస్’ అనే ఎపిసోడ్ చూడండి, రచన టిమ్ మినియర్. నౌకలో పేలుడు జరిగి, ఒక యంత్రభాగం పాడై, గాలి అయిపోతుంటుంది. మధ్యమధ్యలో ఎవరు ఈ నౌకలోకి ఎలా వచ్చారో చూపిస్తారు. జేన్ ఆ రోజు వేరే ముఠా తరఫున మాల్ మీద తుపాకీ గురిపెట్టి ఉన్నాడు. వాళ్ళు నీకెంత వాటా ఇస్తున్నారని మాల్ అడుగుతాడు. వాటా పెంచి, సొంత గది ఇస్తాననగానే తుపాకీ తన ముఠా వైపే తిరుగుతుంది. ఇనారా వచ్చింది నౌకకు అనుబంధంగా ఉండే చిన్న నౌకను అద్దెకు తీసుకోవడానికి, తన షరతులు తానే పెడుతుంది. కేలీ అప్పటికే ఉన్న మెకానిక్‌తో ఇంజిను గదిలో సరసంలో ఉంది. ఇంజిను లోపం ఏమిటో అతనికి తెలియలేదు, ఆమె చూసి చెప్పింది, బాగుచేసింది, ఉద్యోగం ఆమెదైంది. జోయికి వాష్ మొదట్లో నచ్చనే లేదు. ఇప్పుడు వాళ్ళు భార్యాభర్తలని మనకు ముందే తెలుసు కాబట్టి ఆ అయిష్టానికి అందం వచ్చింది. నలుగురి గతం, ఒక్కరూ తమ కథ చెప్పుకోలేదు.

పైగా ఆ ఎపిసోడ్ దాదాపు అంతా అప్పటికే కట్టి ఉన్న నౌక సెట్‌లోనే జరుగుతుంది. గది నుంచి గదికి కెమెరా ఆగకుండా నడిచేలా ఒక్కో అంతస్తునూ కలిపి కట్టారు. ఖర్చు సంగతి ఇంకో పాఠంలో.

తిరగరాసిన ప్రారంభం అసలుకంటే గొప్పదని నేననడం లేదు. ‘సెరెనిటీ’లో సైమన్ అనే ప్రయాణికుడు ఒక పెద్ద పెట్టెతో నౌక ఎక్కుతాడు. పెట్టెలో ఏముందో చాలాసేపు మనకు తెలియదు. అందులో ఉన్నది అతని చెల్లెలు రివర్. ‘ద ట్రైన్ జాబ్’ మొదలయ్యేసరికి ఇద్దరూ నౌకలో ఉన్నారు, రహస్యం పోయింది. డిసెంబరులో పాత పైలట్ ఎపిసోడ్ వచ్చినప్పుడు ఆ పెట్టె తెరిచినా ఆశ్చర్యపోయేవారెవరు? ప్రేక్షకుడు ముందు ఏది చూస్తాడన్నది రచనలో భాగం. దాన్ని ఛానెల్ చేతిలో పెడితే ఇలా అవుతుంది. కొన్ని ఎపిసోడ్ల ముందు ప్రపంచాన్ని వివరించే గొంతు కూడా వినిపిస్తుంది. నాకు నచ్చదు. మీ పేజీల్లోంచి కూడా ఆ గొంతును తీసేయమంటాను.

అయినా మాల్ మాత్రం మారలేదు. అసలు పైలట్ చివర రివర్‌ను బందీగా పట్టుకున్న ప్రభుత్వ మనిషిని, నడక ఆపకుండానే కాల్చేస్తాడు. రెండోదాంట్లో దొంగిలించింది రోగుల మందులని తెలిసి వెనక్కి ఇచ్చేస్తాడు. పని అప్పగించిన నిస్కాకు డబ్బు తిరిగి పంపబోతాడు. నిస్కా అనుచరుడు ఒప్పుకోకుండా, వెంటాడి చంపుతానంటాడు. వాణ్ణి తిరుగుతున్న ఇంజిన్లోకి తన్నేస్తాడు. తర్వాతివాడు వెంటనే ఒప్పుకుంటాడు. ఛానెల్ హుషారు అడిగింది, హుషారు ఇచ్చారు. మనిషిని అలాగే ఉంచారు.

అభ్యాసం. ఈ శుక్రవారం రాత్రి మొదలుపెట్టి సోమవారం ఉదయానికి మీ తొలి ఎపిసోడ్‌ను మళ్ళీ రాయండి, మొత్తం, టీజరూ (టైటిల్స్‌కు ముందొచ్చే చిన్న భాగం) నాలుగు అంకాలూ. పాత స్క్రిప్టులోని ఏ సన్నివేశాన్నీ వాడకూడదు. పాత్రలు అవే, వాటి గతం అదే. గతాన్ని చూపే దృశ్యం, వెనుక గొంతు, ఫోటోకు దండ మూడూ నిషేధం. రాశాక సంభాషణల పక్కన పేర్లు కాగితంతో కప్పి ఇంట్లో ఎవరి చేతనైనా పైకి చదివించండి. ఏ మాట ఎవరిదో వాళ్ళు చెప్పలేని చోట ఎర్ర సిరాతో గీయండి. ఇద్దరికీ తెలిసిన మాట కనబడితే ఆ వాక్యంతో సరిపెట్టకుండా సన్నివేశం మొత్తం కొట్టేసి, అందులో ఎవరికి ఏం కావాలో ముందు ఒక్క వాక్యంలో రాసుకుని మొదలుపెట్టండి. పాత స్క్రిప్టు కూడా జతచేసి పంపండి, రెండూ పక్కన పెట్టుకునే చదువుతాను.