కెమెరా చలాన్ వస్తే చెల్లించే ముందు సరిచూసుకోవడం ఎలా?

హనుమకొండ చౌరస్తాలోనో కాజీపేట దారిలోనో కెమెరా తీసిన ఫొటోతో చలాన్ వచ్చినప్పుడు వెంటనే డబ్బు కట్టేయకండి. కడితే తప్పు ఒప్పుకున్నట్లే అవుతుంది.

ముందుగా తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో బండి నంబరు నమోదు చేసి, ఫొటోను పెద్దదిగా చేసి చూడండి. అసలు పరీక్ష ఇక్కడే ఉంది. నంబరు ప్లేటు మీద మట్టి పడినా, అక్షరాలు అలంకారంగా రాసినా 3 కాస్తా 8గా, 0 కాస్తా డీగా చదవబడే అవకాశం ఉంది. మన ప్రాంతంలో ఏపీ 36, టీఎస్ 03, 2024 నుంచి వచ్చిన టీజీ 03 సిరీస్‌ల బండ్లు కలిసే తిరుగుతున్నాయి కనుక సిరీస్‌ను కూడా విడిగా పోల్చుకోవాలి. నంబరు సరిపోయినా బండి రంగు, మోడల్ మీవి కాకపోతే ఎవరో మీ నంబరు వాడుతున్నారని అనుమానించి, పోలీసులకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

అతివేగం చలాన్ అయితే నమోదైన వేగాన్ని, ఆ రోడ్డుకున్న పరిమితిని, సమయాన్ని చూడండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 167ఏ ప్రకారం ఇలాంటి పరికరానికి ఏటా పునరుద్ధరించే ధ్రువపత్రం ఉండాలి, కెమెరా ఉందని తెలిపే హెచ్చరిక బోర్డు కూడా ఉండాలి. వీటి గురించి అడగడం పౌరుడి హక్కని నా దృఢమైన అభిప్రాయం.

అభ్యంతరం చెప్పేటప్పుడు చలాన్ నంబరు, ఆర్సీ ప్రతి, ఆ సమయంలో బండి మరెక్కడో ఉందని చూపే పార్కింగ్ రసీదు వంటి ఆధారం జతచేసి, అందినట్లు రసీదు తీసుకోండి.