హార్డ్ డిస్క్ బ్యాకప్ – 4వ పాఠం: ఇమేజ్‌ని తిరిగి ఎక్కించడం

ఈసారి నేరుగా రిస్టోర్‌లోకి, అంటే ఇమేజ్‌ని (డిస్క్ మొత్తానికి తీసిన నకలు) తిరిగి డిస్కులోకి ఎక్కించడంలోకి దిగుదామనుకున్నాను. పోయిన పాఠం మీద వచ్చిన సందేహాలు చూశాక ఒకడుగు వెనక్కి వేయక తప్పడం లేదు.

ముందు చిన్నది. ఫైల్ మరీ పెద్దదంటూ కాపీ ఆగిపోతోందా? మీ ఎక్స్‌టర్నల్ డిస్క్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉండి ఉంటుంది. ఎంత ఖాళీ ఉన్నా అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. ఉన్నవన్నీ వేరేచోట పెట్టుకుని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేయండి, అంతే.

ఇక నన్ను విసిగించింది వేరే. చాలామంది ఇమేజ్‌ని డి డ్రైవ్‌లో పెట్టి బ్యాకప్ అయిపోయిందన్నారు! విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూడండి. సి, డి రెండూ డిస్క్ 0 అన్న ఒకే వరుసలో ఉన్నాయా? అయితే ఉన్నది ఒక్కటే డిస్క్. విండోస్ మాత్రమే పాడైతే ఆ ఇమేజ్ పనికొస్తుంది, కాదనను. డిస్కే పోతే? ల్యాప్‌టాప్‌నే ఎవరైనా ఎత్తుకెళితే? రిపేర్‌కిస్తే మొత్తం ఫార్మాట్ చేసి ఇస్తే? "నాకు డి వేరే ఎస్‌ఎస్‌డీ సార్" అనేవాళ్లకూ ఇదే మాట. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్) దూరితే ఆ సమయంలో తగిలించి ఉన్న డిస్కులన్నీ దానికి అందుబాటులోనే ఉంటాయి. పని కాగానే కేబుల్ పీకి విడిగా దాచిన డిస్కునే నేను బ్యాకప్ అంటాను.

సరే, రిస్టోర్. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయడం మీకు వచ్చు కదా. నేను క్లోన్‌జిల్లా అనే సాఫ్ట్‌వేర్‌నే వాడతాను. చూడ్డానికి బాగోదు గానీ ఉచితం, నమ్మకంగా పనిచేస్తుంది. అందులో రిస్టోర్‌డిస్క్ ఎంచుకుని, ఇమేజ్‌ని, ఆ తర్వాత దాన్ని ఎక్కించాల్సిన డిస్కునీ చూపించాలి. డిస్కులకు అది చూపించే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లను నమ్మకండి, అవి బూట్ బూట్‌కీ మారొచ్చు. పక్కనున్న మోడల్ పేరు, సైజు చూడండి. విండోస్‌లో 931 జీబీగా కనిపించిన డిస్కే ఇక్కడ 1000 జీబీగా కనిపిస్తుంది, టెన్షన్ పడొద్దు. కొత్త డిస్క్ పాతదానంత గానీ అంతకంటే పెద్దది గానీ ఉండాలి. మొదలయ్యే ముందు రెండుసార్లు అడుగుతుంది. ఆ రెండోసారి ఆగి, తెర మీదున్న పేరు పైకి చదవండి. వై కొట్టాక ఆ డిస్క్ మీదున్న పాతదంతా పోయినట్టే.

బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) ఉన్నవాళ్లు 48 అంకెల రికవరీ కీని ముందే కాగితం మీద రాసుకోండి. దాన్ని అదే కంప్యూటర్‌లో దాచడమంటే తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకోవడమే.

అభ్యాసం: కంప్యూటర్‌లోని డిస్క్ ఊడదీసి పక్కన పెట్టండి. ఖాళీ డిస్క్ బిగించి ఇమేజ్ ఎక్కించండి. దాంతోనే ఒక రోజంతా పని చేయండి, ఫొటోలూ మెయిళ్లూ తెరవండి. ఏది తెరుచుకోలేదో రాసిపెట్టుకోండి, వచ్చే పాఠం అక్కడి నుంచే. పాత డిస్కునూ దీన్నీ ఒకేసారి మాత్రం తగిలించకండి. రెండిటికీ ఒకే గుర్తింపు సంఖ్య ఉంటుంది, విండోస్ తికమక పడుతుంది.