పోలీసులమంటూ బండి ఆపితే: ఒక్కో సమస్యకు కారణం, పరిష్కారం

అనంతపురం నుంచి చీనీకాయల (బత్తాయిల) లోడుతో హైదరాబాదుకు కదిలే లారీలు, పత్తికొండ టమోటా బళ్లు, ప్రొద్దుటూరులో నగలు కొనుక్కుని మోటారు సైకిల్‌పై ఊరికి మళ్లే దంపతులు. వీళ్ల దగ్గర సరుకో, డబ్బో, బంగారమో ఉంటుందని అందరికీ తెలుసు. పోలీసు వేషం వేసేవాడికీ తెలుసు. చట్టం తెలియకపోవడం, ఖాకీ అంటే బెరుకు ఉండటం వాడికి సగం పని చేసి పెడతాయి. మిగతా సగం చీకటి చేసి పెడుతుంది.

ముందుగా ఒక గుర్తు చెబుతాను. అసలైన తనిఖీ ఏదైనా రాతపూర్వకంగా ఏదో ఒకటి మిగిల్చి వెళ్తుంది. చలానా, లైసెన్సు తీసుకున్నట్టు రసీదు, పంచనామా (సాక్షుల ముందు రాసే సోదా పత్రం), అరెస్టు మెమో, ఏదో ఒకటి ఉంటుంది. నకిలీవాడు మాత్రం రాతకోతలు లేకుండానే పని ముగించుకోవాలని చూస్తాడు. ఏ సందర్భంలోనైనా మీరు అడగవలసింది ఆ కాగితమే.

సమస్య: రాత్రి హైవే మీద యూనిఫాం లేనివాళ్లు చెయ్యెత్తి ఆపుతున్నారు

ఇందులో రెండు అవకాశాలు ఉన్నాయి. వాళ్లు నిజంగా మఫ్టీలో ఉన్న పోలీసులు కావచ్చు. నేర పరిశోధనలో ఉన్న సిబ్బంది, స్పెషల్ పార్టీ వాళ్లు యూనిఫాం లేకుండా తిరగడం మామూలే. లేదా దోపిడీదారులు కావచ్చు. స్టీరింగు దగ్గర కూర్చున్న మనిషికి ఈ తేడా తెలియదు, తెలియాలని ఎవరూ ఆశించకూడదు కూడా. మోటారు వాహనాల చట్టం, 1988 ఈ సంగతి గుర్తించింది. సెక్షన్ 130 ప్రకారం డ్రైవరు లైసెన్సు చూపించవలసింది యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగినప్పుడు. ‘యూనిఫాంలో ఉన్న’ అనే మాట ఆ సెక్షన్‌లోనే ఉంది. మఫ్టీలో ఉన్నవారు లైసెన్సు అడిగితే, ముందు మీరెవరో చూపించండని అడిగే హక్కు మీకుంది.

ఏమి చేయాలి? వేగం పెంచి పారిపోవద్దు. వాళ్లు నిజంగా పోలీసులైతే పారిపోయిన బండి మీదే అనుమానం పడుతుంది. అలాగని చీకట్లో దిగనూ వద్దు. నాలుగు ఇండికేటర్లూ వేసి, వేగం తగ్గించి, వెలుతురు, మనుషులు ఉన్న చోటికి మెల్లగా నడపండి. ఎన్‌హెచ్ 44 మీద గుత్తి, పామిడి మధ్య ఉంటే కాసేపల్లి టోల్‌గేటు ఉంది. డోన్ దాటి కర్నూలు వైపు వెళ్తుంటే అమకతాడు, అనంతపురం దాటి బెంగళూరు వైపు అయితే మరూరు టోల్‌గేటు. అక్కడ కెమెరాలు, సిబ్బంది, లైట్లు ఉంటాయి. కడప, మైదుకూరు, నంద్యాల దారిలో అయితే ఊళ్లోని పెట్రోలు బంకు దగ్గర ఆపండి. డ్రైవరు నడుపుతుండగానే క్లీనరు అత్యవసర నంబరు 112కు ఫోను చేయాలి. ఒంటరిగా ఉంటే ఫోను స్పీకరులో పెట్టండి. చెప్పవలసింది ఇంతే: “ఎన్‌హెచ్ 44లో గుత్తి దాటాను, పామిడి వైపు వెళ్తున్నాను. ఫలానా కిలోమీటరు రాయి దగ్గర పోలీసులమంటూ నలుగురు ఆపారు. యూనిఫాం లేదు. తెల్ల కారు, నంబరు ఇది. వాళ్లు పోలీసులేనా, కాదా కనుక్కోండి. నేను టోల్‌గేటు దగ్గర ఆపుతాను.”

ఈ మాటలు వాళ్లకు వినపడేలా చెప్పండి. అసలు పోలీసులైతే విసుక్కోవచ్చు గాని కాదనరు. నకిలీవాళ్లకు మీరు ఫోను తీయడమే నచ్చదు. “ఫోను పక్కన పెట్టు, ముందు దిగు” అని ఎవరైనా గదిమితే తలుపు లాక్ తీయవద్దు. అద్దం రెండు వేళ్ల సందు మేర దించి మాట్లాడితే చాలు.

కారు మీద ‘పోలీస్’ అని స్టిక్కరు ఉండటం, డ్యాష్‌బోర్డు మీద టోపీ ఉండటం, సైరన్ మోగటం దేనికీ రుజువు కాదు. అవన్నీ బజారులో దొరుకుతాయి.

సమస్య: యూనిఫాం ఉంది, అయినా అనుమానంగా ఉంది

యూనిఫాం కూడా కుట్టించుకోవచ్చు. అందుకే వివరాలు చూడాలి. ఛాతీ మీద నేమ్‌ప్లేట్ ఉందా? భుజం మీద ఎస్‌ఐ అయితే రెండు నక్షత్రాలు, సీఐ అయితే మూడు నక్షత్రాలు, వాటి కింద ఎరుపు, నీలం రిబ్బను ఉంటాయి. వాళ్లు వచ్చింది శాఖ వాహనంలోనా? “ఏ స్టేషన్ సార్?” అని మర్యాదగా అడగండి. గుత్తి దగ్గర నిలబడి ఏ స్టేషనో చెప్పకుండా “ఎస్పీ ఆఫీసు” అని దాటవేస్తే గుర్తింపు కార్డు అడగండి. కార్డును రెప్పపాటులో ఊపి జేబులో పెట్టుకోవడం చూపించడం కాదు. పేరు, హోదా చదివే వరకు చూడండి, 112లో అవే చెప్పండి.

చాలామంది ‘అడిగితే కోపం వస్తుందేమో’ అని ఊరుకుంటారు. కోపం రావచ్చు, కాని అడగడం తప్పు కాదు. అయితే యూనిఫాంలో ఉన్న అధికారి నిజమని తేలాక మొండికేస్తే నష్టం మీకే. చట్టబద్ధమైన ఆదేశాన్ని ధిక్కరించినా, అడ్డుపడినా సెక్షన్ 179 కింద 2,000 రూపాయల దాకా జరిమానా ఉంది.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. డిజిలాకర్‌లోనో, ఎం-పరివాహన్‌లోనో ఉన్న లైసెన్సు, సి.బుక్కు అసలు వాటితో సమానంగా చెల్లుతాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 139 ఆ మాట చెబుతోంది. “ఫోనులోది చెల్లదు” అనేవాడికి నియమం తెలియదనుకోవాలి, లేదా వాడికి కావలసింది వేరే అనుకోవాలి.

సమస్య: బండి తాళం లాక్కున్నారు, లైసెన్సు తీసుకుని జేబులో వేసుకున్నారు

తాళం లాక్కునే అధికారం మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా రాసి లేదు. బండిని స్వాధీనం చేసుకునే అధికారం మాత్రం సెక్షన్ 207లో ఉంది. రిజిస్ట్రేషన్, పర్మిట్, లైసెన్సు లేకుండా నడపడం వంటి కారణాలకే అది వర్తిస్తుంది, బండిని భద్రంగా ఉంచే బాధ్యత కూడా స్వాధీనం చేసుకున్నవారిదే.

లైసెన్సు తీసుకోవడం సెక్షన్ 206 కింద కుదురుతుంది. తీసుకున్నవారు తాత్కాలిక రసీదు ఇచ్చి తీరాలి. డ్రైవరు పరారవుతాడని తీసుకుంటే, లైసెన్సు తిరిగి వచ్చేదాకా గాని, రసీదులో రాసిన తేదీ దాకా గాని, ఏది ముందైతే అంతవరకు ఆ రసీదు మీదే నడపవచ్చు. తాగి నడపడం, అతివేగం, హెల్మెట్ లేకపోవడం వంటి కొన్ని నేరాలకు తీసుకుంటే మాత్రం రసీదు ఇస్తారు గాని దానితో నడపకూడదు. ఈ తేడా తెలియక ఇబ్బంది పడేవాళ్లు ఉన్నారు. రసీదు ఇవ్వకుండా “రేపు వచ్చి కలువు” అంటే, ఎక్కడ, ఎవరిని కలవాలో రాసిమ్మనండి. రాయకపోతే అక్కడి నుంచే 112కు చెప్పండి.

సమస్య: “రెండు వేలు ఫోన్‌పే చేసి వెళ్లిపో”

నకిలీ అయినా, అసలైనా ఇది తప్పే. అక్కడికక్కడ జరిమానా వసూలు చేసే అధికారం సెక్షన్ 200 కింద ప్రభుత్వం ప్రకటించిన హోదాల వారికే ఉంటుంది. హోంగార్డుకు లేదు. జరిమానా వేస్తే మిషనులోంచి చలానా రావాలి, అందులో బండి నంబరు, సెక్షను, మొత్తం ఉండాలి. ఎవరి సొంత ఫోను నంబరుకో డబ్బు పంపడం జరిమానా కట్టడం కాదు. “చలానా వేయండి, తర్వాత కడతాను” అనే ఒక్క మాటతో చాలా బేరాలు అక్కడే ఆగిపోతాయి. తప్పు చేయలేదనుకుంటే కోర్టులో వాదించుకునే హక్కు కూడా ఉంది.

దీనికి తమ్ముడి వంటిది వాట్సాప్‌లో వస్తుంది. మీ బండికి చలానా పడిందంటూ ఒక ఏపీకే ఫైలు (ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు) పంపుతారు. దాన్ని తెరిస్తే ఫోను వాళ్ల చేతుల్లోకి పోతుంది. చలానా చూసుకోవాలంటే చివర గవ్.ఇన్ అని ఉండే పరివాహన్ వెబ్‌సైటులో బండి నంబరు కొట్టి మీరే చూసుకోండి.

సమస్య: పోలీసులు కాదు, ‘ఆఫీసర్ల’మంటున్నారు

బ్రేక్ ఇన్‌స్పెక్టరు, అటవీ శాఖ, ఎక్సైజు, వాణిజ్య పన్నుల శాఖ, ఎవరి అధికారం వారికి ఉంది. కర్నూలు దగ్గర పంచలింగాల చెక్‌పోస్టులో నగదు, బంగారం, మద్యం కోసం తనిఖీలు జరుగుతుంటాయి. బ్యాంకు చీటీ, నగల బిల్లు దగ్గర ఉంచుకుంటే అక్కడ సగం తలనొప్పి తగ్గుతుంది.

ఎక్కువ గందరగోళం పన్నుల అధికారులతోనే, ఎందుకంటే వాళ్లకు యూనిఫాం ఉండదు. అధికారం పొందిన అధికారి జీఎస్టీ చట్టం సెక్షన్ 68 కింద సరుకు బండిని ఆపవచ్చు. సరుకు విప్పి చూడాలంటే ఎంఓవి-02 అనే ఉత్తర్వు రాతపూర్వకంగా ఇస్తారు. అది లేకుండా “ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) లేదు, పది వేలు తియ్” అంటే నమ్మనక్కర్లేదు. ఇంకొక సంగతి మన జిల్లాల డ్రైవర్లు తప్పక గుర్తుంచుకోవాలి. తాజా పండ్లు, కూరగాయలకు జీఎస్టీ లేదు, వాటికి ఈ-వే బిల్లూ అక్కర్లేదు. చీనీకాయలకూ, టమోటాలకూ, ఉల్లిగడ్డలకూ ఈ-వే బిల్లు అడిగేవాడు అధికారి కాదనే అనుమానించండి. మండీ పట్టీ (మండీలో సరుకుకు రాసిచ్చే చీటీ) ఒకటి దగ్గర ఉంచుకోండి.

సమస్య: “ముందు దొంగలున్నారమ్మా, నగలు తీసి దాచుకోండి”

ఇది అన్నిటికన్నా పాతది, ఇప్పటికీ పనిచేస్తున్నది. ఎలా జరుగుతుందో దగ్గరగా చూడండి. ఇద్దరు మోటారు సైకిల్‌పై వచ్చి వయసు పైబడిన దంపతుల బండి ఆపుతారు. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, ఖాకీ ప్యాంటు, ఎర్ర బూట్లు వేసుకుని ఉంటారు. “నిన్న ఇక్కడే గొలుసు తెంపుకుపోయారు, మెడలో అంత వేసుకుని తిరుగుతారా?” అని కోప్పడతారు. అదే సమయానికి వాళ్ల మనిషే ఒకడు దారిన పోతున్నట్టు వస్తాడు. వాడినీ ఆపి, వాడి గొలుసు తీయించి, కాగితంలో చుట్టి ఇస్తారు. అది చూసి ఆ తల్లి కూడా గాజులు, గొలుసు తీస్తుంది. “ఇలా ఇవ్వమ్మా, నేను చుట్టి ఇస్తాను” అని ఒకడు తీసుకుంటాడు. రెండోవాడు ఆ పెద్దాయనను పేరు, ఊరు అడుగుతూ తనవైపు తిప్పుకుంటాడు. పొట్లం సంచిలో పెట్టి జిప్ వేసి మరీ ఇస్తారు. ఇంటికి వెళ్లి విప్పితే అందులో రాళ్లు ఉంటాయి.

కారణం ఒక్కటే, నగ చేయి మారింది. పరిష్కారమూ ఒక్కటే. ఏ పోలీసూ రోడ్డు మీద నగలు తీసి తన చేతికి ఇవ్వమని చెప్పడు. “సరే సార్, ఇంటికి వెళ్లి తీస్తాం” అని బండి కదిలించండి. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ తతంగం మొత్తం ఒకసారి చెప్పి ఉంచండి. మోసగాడి మాటలు ముందే విన్నవాళ్లు వాటిని మళ్లీ విన్నప్పుడు గుర్తుపడతారు.

సమస్య: బండి వెతుకుతామంటున్నారు, స్టేషనుకు రమ్మంటున్నారు

“గంజాయి ఉందని సమాచారం”, “ఎర్రచందనం దుంగలున్నాయి” అనేవి రాజంపేట, బద్వేలు వైపు ఎవరినైనా వణికించే మాటలు. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 105 ప్రకారం సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలి, దొరికిన వస్తువుల జాబితా రాసి సాక్షుల సంతకాలు తీసుకోవాలి. “వీడియో తీస్తున్నారా సార్?” అని అడగండి. మత్తు పదార్థాల కోసం మీ ఒంటిని సోదా చేయాలంటే, గెజిటెడ్ అధికారి ముందో, మేజిస్ట్రేటు ముందో చేయమని కోరే హక్కు ఉంది. అది ఒంటి సోదాకే గాని, బండికీ సంచికీ వర్తించదు. స్త్రీలను స్త్రీలే సోదా చేయాలి.

స్టేషనుకు రమ్మంటే మీ బండిలోనే వెళ్లండి, తెలియని కారు ఎక్కవద్దు. అరెస్టే అయితే కారణం చెప్పాలి, మెమో రాయాలి, మీరు చెప్పిన మనిషికి కబురు చేయాలి, 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయడం అసాధారణ పరిస్థితిలో తప్ప కుదరదు. అప్పుడైనా మహిళా అధికారి మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తీసుకోవాలి.

సమస్య: మోసం జరిగిపోయింది, ఎక్కడ ఫిర్యాదు చేయాలో తెలియడం లేదు

రాత్రి గుత్తి దగ్గర డబ్బు పోతుంది, తెల్లవారేసరికి లారీ కర్నూలు దాటి ఉంటుంది. పైగా 2022లో జిల్లాలు విడిపోయాక డోన్ నంద్యాల జిల్లాకు, పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్లాయి. “అది మా పరిధి కాదు” అనే జవాబు అందుకే తరచూ వినిపిస్తుంది. నాగరిక సురక్షా సంహితలోని సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నారు. ఆన్‌లైన్‌లో పంపినా చెల్లుతుంది, మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇస్తారు. డబ్బు ఫోను ద్వారా పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబరు మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. లావాదేవీ నంబరు, అందులో కనిపించిన ఖాతాదారు పేరు పోలీసులకు పెద్ద ఆధారం.

ఫిర్యాదులో ‘పోలీసులమని చెప్పుకున్నారు’ అనే మాట తప్పక రాయించండి. ప్రభుత్వ ఉద్యోగిగా నటించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 204 కింద వేరే నేరం, దానికి ఆరు నెలలకు తక్కువ కాకుండా మూడేళ్ల వరకు జైలు ఉంది. ఆ మాట లేకపోతే కేసు ఉత్త దొంగతనంగా నమోదయ్యే ప్రమాదం ఉంది. స్టేషనులో తీసుకోకపోతే అదే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి రిజిస్టరు పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అక్కడా కదలకపోతే ఆ రసీదుతో మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు.