ఇంట్లో మార్ఫిన్ మాత్రలు వేసేటప్పుడు

హోమ్ కేర్ నర్సుగా క్యాన్సర్ పేషెంట్ల ఇళ్లకు వెళ్తుంటాను. మార్ఫిన్ చీటీ చూడగానే ఇంట్లోవాళ్లు నన్ను వసారాలోకి పిలిచి గొంతు తగ్గించి అడుగుతారు: "సిస్టర్, ఇక ఆఖరికొచ్చినట్టేనా?" కాదండీ. నొప్పిని బట్టి ఇచ్చే మందు ఇది. దీన్ని నెలల తరబడి వేసుకుంటూ తమ పని తాము చేసుకునేవాళ్లున్నారు.

ముందు టైము సంగతి. మామూలు మార్ఫిన్ మాత్ర దాదాపు నాలుగు గంటలు పనిచేస్తుంది. అందుకే డాక్టర్లు ఎక్కువగా ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10 అని రాస్తారు. అర్ధరాత్రి లేపే పని లేకుండా రాత్రి డోసు రెట్టింపు రాస్తుంటారు. నొప్పి లేదు కదా అని మాత్ర ఆపకండి. నొప్పి వచ్చాక వేస్తే అది పనిచేసేసరికి మనిషి విలవిల్లాడిపోతాడు. ఫోన్లో అలారం పెట్టుకోండి. 12 గంటలకోసారి వేసే మాత్ర అయితే నూరకూడదు, విరవకూడదు. నిదానంగా దిగాల్సిన మందంతా ఒక్కసారే ఒంట్లోకి పోతుంది.

మధ్యలో నొప్పి లేస్తే డాక్టర్ రాసిన అదనపు డోసు వేయండి. అది వేశాం కదా అని తర్వాతి డోసు మానేయకూడదు.

అన్నీ ఒక నోటుబుక్కులో రాయండి: టైము, డోసు, నొప్పి పదికి ఎంత, మోషన్ అయిందా లేదా. ఒకింట్లో తొమ్మిదో తరగతి మనవరాలు స్కేలు పెట్టి గడులు గీసింది. తాతకు పదికి ఎంతో చెప్పడం రాలేదు, "రూపాయికి పావలా తగ్గిందమ్మా" అన్నాడు. ఆ పిల్ల అదే రాసింది. డాక్టర్‌కి ఆ ముక్క చాలు, డోసు పెంచారు.

మత్తు, వాంతి మొదటి కొద్ది రోజులే ఉంటాయి. మలబద్ధకం మాత్రం మందు వాడినన్నాళ్లూ వదలదు. నొప్పి తగ్గినా కడుపు బిగిసి ఏడ్చినవాళ్లను చూశాను. మార్ఫిన్‌తో పాటే విరేచనం మాత్ర కూడా రాయించుకోండి, మొదటి రోజు నుంచే వేయండి. మూడు రోజులు మోషన్ కాకపోతే ఫోన్ చేయండి.

పిలిచినా లేవకపోతే, ఊపిరి బాగా నెమ్మదిస్తే ఇక డోసు వేయకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూత్రం తగ్గినా చెప్పాలి. కిడ్నీలు సరిగా పనిచేయకపోతే మందు ఒంట్లో పేరుకుపోతుంది. అలవాటు పడిపోతారని సొంతంగా మానిపించకండి. ఉన్నట్టుండి ఆపితే ఒళ్లు తట్టుకోలేదు, తగ్గించాలంటే డాక్టరే మెల్లగా తగ్గిస్తారు.

ఈ మాత్రలు వీధి చివర మెడికల్ షాపులో దొరుకుతాయనుకోవద్దు. మార్ఫిన్ మీద అదుపు పెట్టిన 1985 నార్కోటిక్స్ (మత్తుమందుల) చట్టాన్ని 2014లో సవరించి కాస్త సులువు చేసినా, గుర్తింపు ఉన్న ఆసుపత్రులకే వెళ్లాలి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జె క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, తెలంగాణ జిల్లా ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) కేంద్రాలున్నాయి. ఆఖరి స్ట్రిప్ దాకా ఆగకుండా, వారానికి సరిపడా ఉండగానే బయల్దేరండి. మాత్రలు బీరువాలో తాళం వేసి ఉంచండి. మిగిలితే తెలిసినవాళ్ల నొప్పికి ఇచ్చేయకుండా, తెచ్చిన చోటే తిరిగి అప్పజెప్పండి.