భూటాన్‌లో టీతో జావ్ ఇస్తే

భూటాన్ వెళ్లేవాళ్లకు ఒక చిన్న మాట. ఎవరింటికైనా వెళ్తే సుజా అనే వెన్న టీతో పాటు వెదురు బుట్టలో జావ్ పెడతారు. నానబెట్టిన బియ్యాన్ని వేడి మూకుడులో వేయించి చేస్తారు. మన మరమరాల్లా నోట్లో కరిగిపోదు, గట్టిగా కరకరలాడుతుంది. పళ్లు జాగ్రత్త!

సుజాలో చక్కెర ఉండదు, ఉప్పు ఉంటుంది. తీపి టీ అనుకుని గుటక వేస్తే మొహం మారిపోతుంది. అందుకే గుప్పెడు జావ్ టీలోనే వేసేయండి. కాస్త మెత్తబడ్డాక తింటే, ఉప్పూ వెన్నా పట్టి రుచిగా ఉంటుంది. నాకైతే ఉగ్గాని గుర్తొచ్చింది, ఎందుకో మరి.

వద్దన్నా రెండోసారి పోస్తారు. అందుకే మొదటి కప్పు గబగబా ఖాళీ చేయకండి.