హాట్ రాడ్ కిట్‌లో ఉన్నది ఏ ఇంజినో పోల్చుకోవడం

హాట్ రాడ్ అంటే వేగం కోసం ఇంజిన్ మార్చి కట్టుకున్న పాత అమెరికా బండి. దాని ప్లాస్టిక్ నమూనా కిట్ కడుతున్నప్పుడు పెట్టె మీద బొమ్మను నమ్మి ఇంజిన్‌కి రంగు వేసేయొద్దు. ఒకే అచ్చు నుంచి తీసిన ఫ్రేములు (ముక్కలు అంటుకుని ఉండే ప్లాస్టిక్ చట్రాలు) నాలుగైదు రకాల పెట్టెల్లోకి వెళ్తుంటాయి. కొన్ని కిట్లలో రెండు ఇంజిన్ల సామానూ ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే ఒకదాని బ్లాకు (సిలిండర్లుండే దిమ్మ) మీద ఇంకోదాని హెడ్లు (సిలిండర్లని పైన మూసే భాగాలు) కూడా రావచ్చు. క్రోమ్, బ్లోయర్ (లోపలికి గాలి తోసే పంపు), ఆరు కార్బొరేటర్లు అన్నీ నగల్లాంటివి, ఏ ఇంజిన్‌కైనా బిగించుకోవచ్చు. మనిషిని ముక్కూ చెవులూ చూసి పోల్చినట్టు ఇంజిన్‌ని డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది), టాపెట్ కవర్ (హెడ్డు మీది మూత), ప్లగ్గులు, సైలెన్సర్ గొట్టాలు బయటికొచ్చే కన్నాలు చూసి పోల్చాలి.

కిట్ మనకి పార్సిల్‌లో రావలసిందే గానీ, చూడ్డానికి కావలసిన సరంజామా శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా ఊళ్లోనే దొరుకుతుంది. బంగారప్పని చేసేవాళ్లు కంటికి పెట్టుకునే పదింతల భూతద్దం ఒకటి, లేత్ షాపువాళ్లు వాడే వెర్నియర్ ఒకటి, చిన్న టార్చి, మాస్కింగ్ టేపు. ముక్కల్ని ఫ్రేము నుంచి కోయకముందే ఫొటో తీసి పెట్టుకోండి, నంబర్లు కనబడేలా. తర్వాత సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. జిగురు జోలికి ఇప్పుడే వెళ్లొద్దు, అన్నీ టేపుతోనే నిలబెట్టి చూడాలి.

ఒక తిరకాసు ముందే చెప్పాలి. కిట్ కాగితంలో డ్రైవర్ వైపు అంటే ఎడమ వైపు, ఎందుకంటే అమెరికా బండికి స్టీరింగ్ ఎడమన ఉంటుంది. మన అలవాటు కొద్దీ కుడి అనుకుంటే హెడ్లు తారుమారవుతాయి. సీట్లో కూర్చుని ముందుకు చూస్తున్నట్టు ఊహించుకుని కుడి ఎడమలు ఖాయం చేసుకోండి. ఫ్యాన్ ఉన్నది ముందు, గేర్‌బాక్స్ ఉన్నది వెనక.

మొదట చూడవలసింది డిస్ట్రిబ్యూటర్. 1/25 స్కేలులో, అంటే అసలు బండిలో ఇరవై ఐదో వంతు కొలతలో, దాని మూత పెసరగింజంత ఉంటుంది. ఆ ముక్క ఇంకా ఫ్రేములోనే ఉంటే, అది దిగే కన్నం ఎక్కడుందో చూడండి. వెనక ఉంటే షెవర్లే, బ్యూక్ నెయిల్‌హెడ్, 1950ల క్రైస్లర్ హెమీ (సిలిండర్ పైన మంట గది అర్ధగోళంలా ఉండే రకం) లాంటివి. ముందు ఉంటే చాలామటుకు ఫోర్డ్, లేదా క్రైస్లర్ పెద్ద బ్లాకులు, 426 హెమీ (ఇలాంటి అంకెలు ఇంజిన్ పరిమాణం, క్యూబిక్ అంగుళాల్లో). 1954లో వచ్చిన ఫోర్డ్ వై బ్లాక్ మాత్రం ఫోర్డే అయినా డిస్ట్రిబ్యూటర్ వెనకే ఉంటుంది. దాని టాపెట్ కవర్ నడినెత్తిన రెండే బోల్టులుంటాయి, వాటితో పట్టేయొచ్చు.

అసలు టాపెట్ కవర్లే లేకుండా పలక లాంటి హెడ్లు, వాటి నిండా నట్లు, ప్లగ్గులు పైకి నిక్కి ఉంటే అది ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వి8 (నాలుగేసి సిలిండర్లు రెండు వరసలుగా V ఆకారంలో ఉండేది). అంబాసిడర్ బానెట్ ఎత్తి హెడ్డు మీద టాపెట్ కవర్ చూసి అలవాటైన కంటికి ఇది బోసిగా కనిపిస్తుంది. వాల్వులు హెడ్డులో కాక బ్లాకులో ఉండడమే కారణం. పొగ కూడా బ్లాకు పక్కల నుంచే, ఒక్కోవైపు మూడేసి కన్నాల్లోంచి వస్తుంది. ఈ ఇంజిన్ 1932 నుంచి 1953 దాకా నడిచింది కాబట్టి ఏ కాలందో కూడా తేల్చాలి. ఒక హెడ్డు మీద నట్లు లెక్కపెట్టండి: 21 అయితే తొలినాటిది, 24 అయితే 1938 నుంచి వచ్చినది. 24 నట్లున్న వాటిలో నీటి గొట్టం హెడ్డు మధ్యలోంచి లేస్తే 1948 లోపుది, ముందు చివర నుంచి లేస్తే 1949-53ది. ఈ చివరిదానికి డిస్ట్రిబ్యూటర్ ముందువైపు నిలువుగా నిలబడుతుంది. అంతకు ముందువాటికి కామ్‌షాఫ్ట్ (వాల్వుల్ని తెరిచే ఇరుసు) ముక్కుకే తగిలించినట్టు కింద మధ్యలో ఉంటుంది. 1932 రోడ్‌స్టర్‌ని ఆ ఏటి బండిలా కట్టాలనుకుంటే 1949 ఇంజిన్ పెట్టడం తప్పే. పాతకాలపు హాట్ రాడ్‌గా కడితే మాత్రం తప్పేమీ లేదు, ఆ రోజుల్లో కుర్రాళ్లు చేసింది అదే.

టాపెట్ కవర్ వెడల్పుగా ఉండి, దాని మధ్యలో వరసగా నాలుగు ప్లగ్గు కన్నాలుంటే హెమీ. ఏ హెమీ అన్నదానికి వెర్నియర్ తియ్యండి. ప్లగ్గు సిలిండర్ నడుమకే దిగుతుంది గనక కన్నాల మధ్య దూరమే సిలిండర్ల మధ్య దూరం. కన్నం నువ్వుగింజంత ఉంటుంది, నడిబొడ్డు పట్టుకోవడం కష్టం. అందుకని మొదటి కన్నం ఎడమ అంచు నుంచి నాలుగో కన్నం ఎడమ అంచు దాకా కొలవండి. 1/25లో డాడ్జ్‌కి 12.8 మిల్లీమీటర్లు, డిసోటోకి 13.1, క్రైస్లర్ 331, 392లకి 13.9, 426కి 14.6 రావాలి. స్కేలు చూడకుండా కొలిస్తే మోసపోతారు: 1/24లో క్రైస్లర్ 392 కూడా 14.5 చూపిస్తుంది, 426 అనిపిస్తుంది. అప్పుడు డిస్ట్రిబ్యూటరే సాక్షి. 392కి వెనక, 426కి ముందు కుడివైపు వాలి ఉంటుంది. డాడ్జ్‌కీ డిసోటోకీ తేడా మిల్లీమీటరులో మూడు నాలుగు పదోవంతులే, అచ్చు కొంచెం అటూ ఇటూ అయినా ఆ మాత్రం పోతుంది. ఆ రెంటినీ కొలతతో తేల్చేయొద్దు. హెమీ కవర్లుండి డిస్ట్రిబ్యూటర్ ముందు కింద ఉందంటే అది క్రైస్లర్ కాదు, ఫ్లాట్‌హెడ్ బ్లాకు మీద ఆర్డన్ హెడ్లు (విడిగా కొని బిగించుకునే హెమీ తరహా హెడ్లు) బిగించినది.

మిగతావి తొందరగా తేలతాయి. టాపెట్ కవర్ అంచుకి నాలుగు బోల్టులు, సైలెన్సర్ కన్నాల్లో మధ్య రెండూ పక్కపక్కనే ఉంటే 1955లో మొదలైన షెవర్లే స్మాల్ బ్లాక్. అదే కవర్‌కి బోల్టులు మధ్య వరసలో ఉంటే ఇంచుమించు 1987 నుంచి వచ్చినది. కన్నాలు అలాగే ఉండి బోల్టులు ఐదైతే క్రైస్లర్ స్మాల్ బ్లాక్. డిస్ట్రిబ్యూటర్ వెనకే ఉండి, కవర్ లావుగా, ఏడు బోల్టులతో ఉంటే షెవర్లే బిగ్ బ్లాక్. డిస్ట్రిబ్యూటర్ ముందు, ఆరు బోల్టులు, నాలుగు కన్నాలూ సమాన దూరంలో ఉంటే 289, 302 లాంటి ఫోర్డ్ స్మాల్ బ్లాక్. సన్నటి టాపెట్ కవర్లు పక్కలకి వాలకుండా నేలకి సమాంతరంగా ఉంటే బ్యూక్ నెయిల్‌హెడ్, 1953-66.

క్రోమ్ దట్టంగా ఉంటే బోల్టులు లెక్కకి అందవు. ప్లాస్టిక్ గిన్నెలో బట్టల బ్లీచ్ పోసి ముక్కని ముంచితే మెరుపు ఊడిపోతుంది. గ్లవ్స్ వేసుకోండి, కిటికీ తీసి ఉంచండి. బాత్రూం యాసిడ్‌ మాత్రం అందులో కలపకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మెరుపు పోయాక అడుగున పసుపుపచ్చని వార్నిష్ పొర మిగలొచ్చు, పోల్చుకోవడానికి అది అడ్డం కాదు.

రంగు ఆఖరి ఆధారం. షెవర్లేకి నారింజ, 1966 నుంచి ఫోర్డ్‌కి నీలం కంపెనీ రంగులే గానీ, హాట్ రాడ్ కట్టినవాళ్లు తమకి నచ్చింది వేసుకున్నారు.

ఇంజిన్ తేలితే ప్లగ్గు వైర్లు సరిగ్గా వేయొచ్చు. మోటారు వైండింగ్ షాపులో దొరికే 30 గేజ్ రాగి తీగ, అంటే 0.3 మిల్లీమీటర్ల చిల్లర, 1/25కి సరిపోతుంది. షెవర్లే స్మాల్ బ్లాక్‌కి ప్లగ్గులు వెలిగే వరస 1-8-4-3-6-5-7-2. బేసి సిలిండర్లు ఎడమన, సరి కుడిన, డిస్ట్రిబ్యూటర్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. ఫోర్డ్ 289కి 1-5-4-2-6-3-7-8. కుడివైపు ముందు నుంచి 1 నుంచి 4, ఎడమన 5 నుంచి 8, మూత చుట్టూ వైర్లు గడియారం ముల్లుకి ఎదురు దిక్కున గుచ్చాలి.