ఇంగ్లాండ్‌లో కౌన్సిల్ ఇంటి రెంట్, సర్వీస్ ఛార్జ్ ఎలా ఫిక్స్ చేస్తారు, మీ లెటర్‌ని ఎలా చెక్ చేసుకోవాలి?

కౌన్సిల్ ఇల్లంటే అక్కడి స్థానిక ప్రభుత్వం (కౌన్సిల్) అద్దెకిచ్చే ఇల్లు. ఏటా ఫిబ్రవరి ఆఖర్లోనో మార్చి మొదట్లోనో ఆ కౌన్సిల్ నుంచి ఒక లెటర్ వస్తుంది, ఏప్రిల్ నుంచి మీ వారం రెంట్ ఇంత అని, చాలామంది కింద ఉన్న టోటల్ ఒక్కటే చూసి మళ్లీ పెంచేశారు అనుకుని పక్కన పడేస్తారు. ఆ టోటల్‌లో రెండు వేరే వేరే లెక్కలున్నాయి. రెంట్‌ది గవర్నమెంట్ ఫార్ములా, దాన్లో కౌన్సిల్ చేతిలో ఉండేది కొంచెమే. సర్వీస్ ఛార్జ్ (మెట్లు క్లీనింగ్, లిఫ్ట్ లాంటి ఉమ్మడి పనుల ఖర్చు) మాత్రం పూర్తిగా కౌన్సిల్ వేసుకునే లెక్క, అందుకే టైమ్ పెట్టి చూడాల్సింది అదే అంటాను నేను.

ఇది ఇంగ్లాండ్ సంగతి మాత్రమే, స్కాట్లాండ్, వేల్స్‌లో రూల్స్ వేరు. ఇంకో మాట, వర్క్ వీసా మీద ఉన్న మనవాళ్లకి పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ సాయం) తీసుకోకూడదనే కండిషన్ ఉంటుంది కాబట్టి మామూలుగా కౌన్సిల్ ఇల్లు ఇవ్వరు, పీఆర్ గానీ సిటిజన్‌షిప్ గానీ వచ్చినవాళ్లకే ఇది పనికొస్తుంది.

స్టెప్ 1: మీది ఏ రెంటో చూడండి

టెనెన్సీ అగ్రిమెంట్ (అద్దె ఒప్పందం) తీసి సోషల్ రెంటా (గవర్నమెంట్ ఫార్ములా ప్రకారం వేసేది), అఫర్డబుల్ రెంటా చూడండి. అఫర్డబుల్ అని పేరే గానీ అది బయట మార్కెట్ రెంట్‌లో 80 శాతం దాకా ఉండొచ్చు, అందులోనే సర్వీస్ ఛార్జ్ కూడా కలిసిపోయి ఉంటుంది. పాత కౌన్సిల్ ఇళ్లు ఎక్కువ సోషల్ రెంట్ మీదే ఉంటాయి, కింద చెప్పేదంతా దాని గురించే.

స్టెప్ 2: ఫార్ములా రెంట్ అడగండి

2002 నుంచి నడుస్తున్న ఫార్ములా ఇది. 2000 ఏప్రిల్ నాటి దేశ సగటు రెంట్ వారానికి 54.62 పౌండ్లు, దాన్లో 70 శాతాన్ని మీ కౌంటీ జీతాల లెవెల్‌తో, బెడ్‌రూమ్ వెయిట్‌తో గుణిస్తారు. మిగతా 30 శాతాన్ని 1999 జనవరిలో మీ ఇంటి విలువ ఎంతో, దాన్ని అప్పటి సగటు 49,750 పౌండ్లతో పోల్చి గుణిస్తారు. అవును, ఇప్పటికీ 1999 విలువే! బెడ్‌రూమ్ వెయిట్ సింగిల్ బెడ్‌రూమ్‌కి 0.90, డబుల్‌కి 1.00, మూడుకి 1.05.

ఉదాహరణకి జీతాలు సరిగ్గా సగటున ఉన్న ఏరియాలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, 1999 విలువ 70,000 అనుకుందాం. మొదటి ముక్క 38.23, రెండోది 23.06, మొత్తం 61.29 పౌండ్లు, ఇది 2000 నాటి లెక్క, అక్కడి నుంచి ఏటా రూల్ ప్రకారం పెంచుకుంటూ ఈ సంవత్సరానికి తెస్తారు. మామూలు ఇళ్లకి ఈ ఫార్ములా మీద ఇంకో 5 శాతం దాకా వేసుకునే వీలు కౌన్సిల్‌కి ఉంది. మీరు ఇదంతా ఇంట్లో కూర్చుని కట్టక్కర్లేదు, నా ఇంటి ఫార్ములా రెంట్ ఎంత, 1999 విలువ ఎంత పెట్టారు, ఎన్ని బెడ్‌రూమ్‌లుగా లెక్కేశారు అని ఈమెయిల్‌లో అడిగితే చాలు.

పక్కింటాయన అదే సైజు ఫ్లాట్‌కి మీకంటే ఎక్కువ కడుతున్నాడంటే కంగారు పడకండి. ఇల్లు ఖాళీ అయ్యి కొత్తవాళ్లు వచ్చినప్పుడు కౌన్సిల్ రెంట్‌ని ఫార్ములా దాకా పెంచుకోవచ్చు, పాతవాళ్లకి మాత్రం ఏటా లిమిట్ ప్రకారమే పెంచాలి.

స్టెప్ 3: ఈ ఏడు పెంచింది లిమిట్‌లో ఉందా

రూల్ ఏంటంటే, అంతకుముందు సెప్టెంబర్ సీపీఐ ద్రవ్యోల్బణం ప్లస్ 1 శాతం. 2025 సెప్టెంబర్‌లో సీపీఐ 3.8, కాబట్టి 2026 ఏప్రిల్‌కి గరిష్ఠం 4.8 శాతం. పాత రెంట్ 118.40 అయితే కొత్తది 124.08 దాటకూడదు. 2023లో మాత్రం సీపీఐ 10.1కి ఎక్కేసరికి గవర్నమెంట్ 7 శాతం దగ్గర ఆపేసింది. ఇంకో సంగతి, లెటర్‌కీ కొత్త రెంట్ మొదలయ్యే డేట్‌కీ మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి.

స్టెప్ 4: సర్వీస్ ఛార్జ్‌ని విడదీయండి

మెట్లు క్లీనింగ్, కామన్ లైట్లు, లిఫ్ట్, గడ్డి కోత, కేర్‌టేకర్, సీసీటీవీ, ఒక్కోదానికి వేరే లైన్ ఉండాలి. లెటర్‌లో "సర్వీసెస్ 14.20" అని ఒకటే ముద్దగా రాసి పంపితే అస్సలు ఒప్పుకోకండి, విడివిడిగా ఇమ్మనండి.

తర్వాత మూడు అడగండి: ఈ పనికి ఏడాదికి ఎంత ఖర్చయింది, ఎన్ని ఫ్లాట్ల మధ్య పంచారు, ఎన్ని వారాలకి పంచారు. 24 ఫ్లాట్ల బ్లాక్, క్లీనింగ్‌కి ఏడాదికి 9,360 పౌండ్లు అనుకోండి, 24తో 52తో భాగిస్తే వారానికి 7.50. అందులో నాలుగు ఫ్లాట్లు రైట్ టు బై (అద్దెకున్నవాళ్లే కౌన్సిల్ ఇంటిని కొనుక్కునే స్కీమ్) కింద అమ్ముడుపోయాయని వాటిని లెక్కలోంచి తీసేసి 20తో భాగించారనుకోండి, అది 9 పౌండ్లు అవుతుంది, అంటే అమ్ముడుపోయిన ఫ్లాట్ల వాటా కూడా మీరే మోస్తున్నట్టు, ఏడాదికి 78 పౌండ్లు. లిఫ్ట్ లేని బ్లాక్‌కి లిఫ్ట్ ఛార్జ్, గ్రౌండ్ ఫ్లోర్‌లో సొంత డోర్ ఉన్నవాళ్లకి మెట్ల క్లీనింగ్, ఇలాంటివి కూడా చూసుకోండి. క్లీనర్ నిజంగా వస్తున్నాడా లేదా అనేది మెట్ల దగ్గర సంతకాల షీట్ ఉంటే తెలిసిపోతుంది, రెండు మూడు వారాలు ఫోటో తీసి పెట్టుకోండి.

సర్వీస్ ఛార్జ్‌కి రెంట్ లాగా గట్టి లిమిట్ లేదు, ఉన్న సర్వీసులకి సీపీఐ ప్లస్ 1 లోపే ఉంచడానికి ప్రయత్నించాలి అని మాత్రమే ఉంది.

స్టెప్ 5: యూనివర్సల్ క్రెడిట్ ఉంటే

యూనివర్సల్ క్రెడిట్ అంటే ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకి గవర్నమెంట్ నెలనెలా ఇచ్చే సాయం. దాన్లో క్లీనింగ్, కామన్ లైట్లు, లిఫ్ట్ లాంటివి కవర్ అవుతాయి, మీ ఫ్లాట్ లోపలి హీటింగ్, వేడినీళ్లు, వాటర్ బిల్లు కావు, అవి మీ జేబులోంచే. వారం రెంట్‌ని 52తో గుణించి 12తో భాగించి నెలకి లెక్కేస్తారు, అందుకని రెంట్ పడే సోమవారాలు 53 వచ్చిన ఏడాదిలో (2024-25 అలాంటిదే) ఆ చివరి వారం వాళ్ల లెక్కలోకి రాదు, ముందే కొంచెం పక్కన పెట్టుకోవాలి. ఏప్రిల్‌లో కొత్త రెంట్‌ని అకౌంట్‌లో అప్‌డేట్ చేయడం మర్చిపోవద్దు.

స్టెప్ 6: తేడా కనిపిస్తే

ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. నెట్‌లో చూసి ట్రిబ్యునల్‌కి (ఇళ్ల తగాదాలు తేల్చే కోర్టు లాంటిది) వెళ్తాం అంటారు, కానీ సర్వీస్ ఛార్జ్ న్యాయంగా ఉందా అని ట్రిబ్యునల్‌లో తేల్చుకునే హక్కు వారం వారం రెంట్ కట్టే కౌన్సిల్ టెనెంట్‌కి ఉండదు, కౌన్సిల్ ఫ్లాట్‌ని కొనుక్కున్న లీజ్‌హోల్డర్‌కి ఉంటుంది. మీకున్న దారి ఏంటంటే, ఖర్చు లెక్కలు ఇవ్వకపోతే ఎఫ్ఓఐ రిక్వెస్ట్ (మన ఆర్టీఐ లాంటి సమాచార హక్కు అర్జీ) పెట్టండి, 20 వర్కింగ్ డేస్‌లో జవాబివ్వాలి. ఆ కాగితాలు పెట్టి స్టేజ్ 1 కంప్లైంట్ రాయండి, అందిందని 5 వర్కింగ్ డేస్‌లో చెప్పాలి, అక్కడి నుంచి 10 వర్కింగ్ డేస్‌లో జవాబు, నచ్చకపోతే స్టేజ్ 2, దానికి 20. ఆ తర్వాతే హౌసింగ్ ఆంబుడ్స్‌మన్ (ఇంటి ఓనర్ సంస్థల మీద టెనెంట్ల కంప్లైంట్లు విచారించే స్వతంత్ర సంస్థ). వాళ్లు రెంట్ ఎక్కువైందా, ఎంత పెంచారు అనేది చూడరు, డబ్బు తీసుకుని సర్వీస్ ఇవ్వకపోవడం, అడిగితే లెక్క చెప్పకపోవడం చూస్తారు, కాబట్టి కంప్లైంట్‌ని "ఎక్కువగా ఉంది" అని కాకుండా "ఫలానా నెలల్లో క్లీనింగ్ జరగలేదు, ఫోటోలివిగో, ఆ డబ్బు వెనక్కివ్వండి" అని రాయండి. ఈలోగా రెంట్ ఆపేయొద్దు, ఎరియర్స్ (రెంట్ బాకీ) పడితే కేసు మీమీదికి తిరుగుతుంది.